ఎడమ బూటులో ఉత్తరం

మెట్ల కింద కొట్టు,
జూన్ 24

ఒసేయ్ మిడతా,

నీ బూట్లు చేరాయి. ఉత్తరం ఎడమ బూటులో పెట్టమని చెప్పి పంపిస్తే కుడిదాంట్లో కుక్కావు. కుడిది నువ్వు తన్నే కాలు, దాని నిండా బురదే. సగం అక్షరాలు మట్టి తాగేసింది. "తాతా, నాకు ఇక్కడ" అన్నంత వరకు చదివాను. తర్వాత ఎక్కడో "ఆకలి" కనపడింది. మధ్యలో ఏముందో దేవుడికే తెలియాలి. ఇక నుంచి ఎడమది. గుర్తు పెట్టుకో.

నా చదువు మూడో తరగతితో ఆగిందని నీకు తెలుసు. ఒక ఉత్తరం రాయడమంటే రెండు జతలకు అడుగులు వేసినంత పని. పెద్ద పెద్ద ఉత్తరాలు ఆశించకు. ఫోన్లో మాట్లాడమని మీ అమ్మ ఒకటే గొడవ. ఆదివారం ఒక్క గంటే మీకు ఫోన్లు ఇస్తారటగా, ఆ గంట మీ అమ్మకే ఇవ్వు. ఆస్పత్రిలో డ్యూటీ దిగి నీ గొంతు కోసం కూర్చుంటుంది పాపం. నాకైతే ఆ డబ్బాలో నువ్వు మాట్లాడుతున్నావో తుమ్ముతున్నావో తెలియదు. మనకు ఈ బూట్ల ఏర్పాటు చాలు. ఒక జత నీ కాళ్ళకి, ఒక జత నా ఒళ్ళో. నెలకోసారి మార్చుకుందాం.

నిన్ను స్కూలు ఫుట్‌బాల్ పోటీల్లో చూసి అకాడమీకి తీసుకెళ్ళిన ఆ టోపీ ఆయన నిన్న కొట్టుకు వచ్చాడు. చెప్పు తెగిందని వచ్చాడు గానీ తెగలేదు, నేను చూశాగా. మాట్లాడ్డానికే వచ్చాడు. "మీ మనవరాల్ని ఎంచింది నేనే పెద్దాయనా" అన్నాడు. "కన్నది మా అమ్మాయి, పెంచింది నేను. నువ్వు ఎంచావా, మంచిది, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కూర్చుని చల్లగా ఒక ముక్క చెప్పాడు. ఇరవై రెండు మందిని తీసుకున్నారట. మార్చిలో తొమ్మిది మందినే ఉంచుకుని మిగతావాళ్ళను ఇంటికి పంపేస్తారట. ఆ తొమ్మిది మందికే పెద్ద జట్టుతో ఒప్పందం కాగితం దాకా దారి ఉంటుందట.

నాకీ ముక్క నువ్వు చెప్పలేదేం?

ఎడమదానికి మునివేళ్ళ దగ్గర కుట్టు ఊడింది. మైనం దారంతో రెండు వరసలు వేశాను. నువ్వు ఊడినా అది ఊడదు.

తాత

*

అకాడమీ హాస్టల్, మూడో గది,
జూలై 2

తాతా,

ఇదిగో, ఎడమ బూటు. చాలా?

చెప్తే పంపేవాడివి కాదని చెప్పలేదు. "తొమ్మిది మంది కోసం పదమూడు మందిని ఏడిపిస్తారా, ఇదేం బడి" అనేవాడివి. అమ్మకు మాత్రం తెలుసు. అమ్మను తిట్టకు.

కుడి బూటులో పోయిన ఉత్తరం మళ్ళీ రాస్తున్నాను. ఇక్కడ గదికి ఇద్దరం. నాతో ఉండే అమ్మాయి గోల్‌కీపర్. మంచం చాలక కాళ్ళు కిటికీ మీద పెట్టుకుని పడుకుంటుంది. అందరూ పొడుగు అంటారు, నేనూ అదే అంటాను. పొద్దున ఐదున్నరకు లేపుతారు. పరుగు, బడి, ఆట, మళ్ళీ బడి, ఆకలి. ఆ ఆకలే నువ్వు చదివింది. ఆడేటప్పుడు వీపుకి చిన్న డబ్బా కడతారు. ఎంత దూరం పరిగెత్తామో, ఎక్కడ ఆగామో అన్నీ అది రాసుకుంటుంది. సాయంత్రం కోచ్ మేడమ్ కంప్యూటర్లో పెట్టి చూపిస్తుంది. దొంగతనం కుదరదు.

ఇంకో సంగతి విను. మార్చిలో ఇక్కడ గోడ మీద జాబితా అంటించరు. సామాన్ల గది చూసే మామ ఉన్నాడు. ఆయన ప్రతి బూటుకు లేసుల కింద ఉండే నాలుక లోపలి వైపు మా అంకె రాస్తాడు. నాది పంతొమ్మిది, నువ్వు చూసే ఉంటావు. జాబితా రోజు అందరి బూట్లూ తీసుకుంటాడట. ఉండేవాళ్ళకు పాత అంకె చెరిపి వచ్చే ఏడాది అంకె వేసి ఇస్తాడు. పోయేవాళ్ళకు చెరిపి ఇస్తాడు, అంతే. ఎవరి బూటు వాళ్ళు తీసుకెళ్ళి ఒక్కళ్ళే చూసుకోవచ్చు. నలుగురిలో ఏడవక్కర్లేదని మేడమే పెట్టిందట ఈ పద్ధతి.

పోయేవాళ్ళకు కూడా ఏప్రిల్లో ఒక ఆట పెడతారు. చిన్న క్లబ్బుల వాళ్ళు వచ్చి చూసి, నచ్చినవాళ్ళను తీసుకెళ్తారు. దాన్ని మేము పాతసామాన్ల సంత అంటాం. నేను సంతకు వెళ్ళను తాతా. నేను తొమ్మిదిలో ఉంటాను.

మిడత

*

మెట్ల కింద కొట్టు,
ఆగస్టు 5

మిడతా,

మీ అమ్మను తిట్టాను. అయిపోయింది.

వీపుకి డబ్బా కట్టారని చదివి నవ్వుకున్నాను. అడుగు చూస్తే తెలిసేదానికి డబ్బా ఎందుకు? యాభై రెండేళ్ళుగా మనుషుల అడుగులు చూస్తున్నాను. మొహం చూడక ముందే కాలు చూస్తాను. ఎదురుగా బ్యాంకులో గుమాస్తా ఉన్నాడే, మనిషి నిటారుగా నడుస్తాడు గానీ మడమ లోపలికి అరుగుతుంది, అంటే భయస్తుడు. పోస్టు మోసే అమ్మాయికి ఎడమది ముందు అరుగుతుంది, సంచీ బరువు అటు.

ఇక నీది. బూటు అడుగున ఉండే బొడిపెల్లో లెక్క ప్రకారం ముందువి అరగాలి, పరిగెత్తేవాళ్ళకి. నీకు ముందువీ అరిగాయి, మడమవీ అరిగాయి. మడమవి ఎందుకు అరుగుతాయి? నిలబడితే అరుగుతాయి. బంతి నీ దగ్గర లేనప్పుడు నడుం మీద చేతులు వేసుకుని చోద్యం చూస్తున్నావు. అవునా కాదా?

వెనక్కి కూడా పరిగెత్తు. ముందుకే పరిగెత్తడానికి ఆట ఎందుకు, బస్సు వెనక పరిగెత్తొచ్చు.

తాత

*

మూడో గది,
సెప్టెంబరు 1

తాతా,

నీ ఉత్తరం పొడుగుకు చదివి వినిపించాను. మంచం మీద నుంచి పడింది నవ్వలేక.

నిజం చెప్పనా? నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు కోచ్ మేడమ్ నన్ను పిలిచి, కంప్యూటర్లో చూపించి, "బంతి పోయాక నువ్వు ఎక్కడున్నావో చూడు. నిలబడ్డావు" అంది. అచ్చం నీ మాటే. "మా తాత కూడా అదే అన్నాడు మేడమ్" అన్నాను. "మీ తాత కోచా?" అంది. "బూట్లు కుడతాడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "మంచి కన్ను" అంది.

ఇప్పుడు నన్ను ముందు వరస నుంచి వెనక వరసకు మార్చింది. కుడి వైపు డిఫెండర్. మొదట ఏడ్చాను. ఇప్పుడు బాగుంది. ఎదురుగా ఆట మొత్తం కనపడుతుంది, మెట్ల కింద కూర్చుని నువ్వు వీధి చూసినట్టు. రోజుకు ఎంత పరిగెత్తుతున్నానో చెప్తే నమ్మవు. కొత్త మైదానం వేశారు, ప్లాస్టిక్ పచ్చిక. కింద గట్టిగా ఉంటుంది.

అంతా బాగుంది.

మిడత

*

మెట్ల కింద కొట్టు,
అక్టోబరు 9

మిడతా,

అంతా బాగుందని రాశావు. ఈ నెల జత చూశాను. బాగాలేదు.

ఎడమ బూటు సరిగానే ఉంది. కుడి బూటుకు లోపలి బొడిపెలు నున్నగా అరిగాయి, బయటి అంచువి కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. నీ కాలు నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి నువ్వు బయటి అంచు మీదే నడుస్తావు, మీ అమ్మలాగా. ఒక్క నెలలో మనిషి నడక మారదు. మారిందంటే మోపలేక మార్చుకుందన్నమాట.

చిటికెన వేలికి కాస్త వెనకగా, పాదం బయటి అంచున నొప్పి ఉంది. అవునా? ఎప్పటి నుంచి? ఎవరికి చెప్పావు?

బూటు నాకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు ఇంతవరకూ.

తాత

*

మూడో గది,
అక్టోబరు 15

తాతా,

ఆరు వారాల నుంచి. అక్కడే, నువ్వన్న చోటే. పరిగెత్తేటప్పుడు పది నిమిషాల తర్వాత మొదలవుతుంది. ఆట అయ్యాక కాసేపు కుంటుతాను, ఎవరూ లేనప్పుడు. పొడుగుకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

తిట్టే ముందు ఇది చదువు. ఇక్కడ ఫిజియో అక్క ఉంటుంది, దెబ్బలు చూసే ఆవిడ. ఆవిడకి చెప్తే మర్నాడే నన్ను బయట కూర్చోబెడుతుంది. రెండు నెలలు తక్కువ కాదు. ఇప్పుడే కుడి వైపు చోటు నాకు వచ్చింది. ఇంకో అమ్మాయి దానికోసం కాచుకుని ఉంది. కూర్చున్నదాన్ని ఎవరూ చూడరు తాతా, ఆడేదాన్నే చూస్తారు. మార్చిలో మేడమ్ ముందు నా పేరు వచ్చినప్పుడు ఆవిడకు గుర్తుండేది బెంచీ మీద కూర్చున్న మనిషి అవుతుంది.

అమ్మకు చెప్పకు. చెప్తే రెండు బస్సులు మారి వచ్చి నన్ను చంకనేసుకుని తీసుకెళ్ళిపోతుంది.

నువ్వు ఏదో ఒకటి చెయ్యగలవు. మడమ నొప్పి అని వచ్చిన ఆ లావు మేష్టారికి లోపల అట్ట వేసి పంపావు కదా, ఆయన మళ్ళీ స్కూలు మెట్లెక్కాడు కదా. నాకూ అలాంటిది ఒకటి. మార్చి దాకా చాలు. ఒట్టు, ఆ తర్వాత నేనే వెళ్ళి చెప్తాను.

మిడత

*

మెట్ల కింద కొట్టు,
అక్టోబరు 27

మిడతా,

తిడదామని కూర్చున్నాను. చేతులు వేరే పని చేశాయి.

బూటులో చూడు. అడుగున బెండు, పైన ఉన్ని అట్ట, దాని పైన మేక తోలు. నీ నొప్పి ఉన్న చోట కింద చిన్న గుంట తవ్వాను, ఎముక దాంట్లో కూర్చుంటుంది, నేల దానికి తగలదు. నీ పాదం కొలత నా దగ్గర ఉండనే ఉంది, నువ్వు వెళ్ళేటప్పుడు కాగితం మీద గీశాను. మూడుసార్లు చేసి రెండు పారేశాను. నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. గుమాస్తా తన బూటు కోసం రెండుసార్లు వచ్చి గొణుక్కుంటూ పోయాడు.

ఈ చుట్టుపక్కల ఇలాంటిది చేసేవాడు లేడు. ఇక ముందు ఉండడు. పొగడ్త కాదు, ఉన్న మాట.

ఏ బూటులోకైనా మార్చుకోవచ్చు. తడిస్తే నీడలో ఆరబెట్టు. నొప్పి తగ్గకపోతే ఫిజియో అక్కకి చెప్పు.

తాత

*

మూడో గది,
డిసెంబరు 18

తాతా,

నువ్వు మాయగాడివి!

నొప్పి లేదు. మొదటి రోజు భయపడుతూ పరిగెత్తాను, రెండో రోజు మర్చిపోయాను. పోయిన నెలలో ఐదు ఆటలూ చివరి దాకా ఆడాను. మొన్న పెద్ద క్లబ్బు పిల్లలతో ఆట. వాళ్ళ ఎడమ వైపు అమ్మాయి గాలిలా వస్తుంది. ఒక్కసారి కూడా నన్ను దాటి పోనివ్వలేదు. మేడమ్ అందరి ముందు "పంతొమ్మిది, ఇదీ ఆటంటే" అంది. రాత్రంతా పొడుగు అదే అంటూ నన్ను చంపింది, "పంతొమ్మిది, ఇదీ దుప్పటంటే, పంతొమ్మిది, ఇదీ దిండంటే" అని.

టోపీ ఆయన కూడా వచ్చాడు చూడ్డానికి. నీ సంగతే మాట్లాడాడు. నీ కొట్టు ముందు కూర్చోవడం అలవాటైందట.

అట్ట కొంచెం అణిగింది. ఈ జతతో పాటు పంపుతున్నాను, మళ్ళీ పొంగించి తొందరగా పంపు. జనవరిలో అసలు ఆటలు. తొమ్మిది మంది దాదాపు అప్పుడే తేలిపోతారట.

నీ మిడత

*

మెట్ల కింద కొట్టు,
జనవరి 3

మిడతా,

ఇది జాగ్రత్తగా చదువు. రెండుసార్లు చదువు.

జత విప్పి అడుగులు చూశాను. బయటి బొడిపెలు, లోపలి బొడిపెలు సమానంగా అరిగాయి. నా అంత గొప్పవాడు లేడనుకున్నాను. వచ్చిన ప్రతివాడికీ చూపించాను. టోపీ ఆయనకు చూపించాను, పోస్టు అమ్మాయికి చూపించాను. అప్పుడు అట్ట పొంగిద్దామని బయటికి తీశాను.

గుంట లేదు. ఉన్ని అణిగి చెక్కలా అయింది. నీ ఎముక అక్కడ సుత్తిలా కొట్టింది. తర్వాత కుడి బూటు లేసు చూశాను. లేసు మడత పడిన గుర్తు పాతది ఒక చోట ఉంది, కొత్తది దానికి రెండు వేళ్ళు ఇవతల ఉంది. అంటే వదులుగా కట్టుకుంటున్నావు. కాలు వాచింది. బూటు బయటి గోడ కూడా ఉబ్బింది. ఇవన్నీ ముందే చూడాల్సినవాణ్ణి, నా పనితనం చూసుకుంటూ కూర్చున్నాను.

నొప్పి పోలేదే పిల్లా. నేను దాని నోరు మూశాను, అంతే. కాలు అరిస్తే వినపడకుండా చేశాను.

తప్పు నాది. చిన్నదానివి, నువ్వు అడుగుతావు. ముసలివాణ్ణి, నేను చెయ్యకూడదు. చెయ్యగలనని చేశాను.

ఈ జత నీకు రావడం లేదు. బూట్లు, అట్ట, లేసు అన్నీ మీ ఫిజియో అక్క పేరున పంపాను. నొప్పి ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టాను. నాలుగు ముక్కల ఉత్తరం కూడా పెట్టాను, ఎడమదాంట్లో. అట్ట చేసింది నేను, అమ్మాయిని ఏమీ అనకండి అని రాశాను.

నువ్వు నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో.

తాత

*

మూడో గది,
జనవరి 11

గౌరవనీయులైన తాతగారికి,

ఎక్స్‌రే తీశారు. ఎముక బీట వారింది. కట్టు వేశారు. మార్చి ఆఖరు వరకు పరుగు లేదు. కుడి వైపు ఇప్పుడు ఇంకో అమ్మాయి ఆడుతోంది.

మీరు చెప్పే ముందు నన్ను ఒక్క మాట అడిగి ఉండవచ్చు.

ఇట్లు,
మీ మనవరాలు

*

మెట్ల కింద కొట్టు,
జనవరి 16

మిడతా,

ఉత్తరం కవరులో వచ్చింది, బూటు లేకుండా. చేతికి తేలిగ్గా ఉంది.

నన్ను "మీరు" అన్నది బ్యాంకు వాళ్ళ తర్వాత నువ్వే. బాగానే ఉంది, గౌరవం ఎవరికి చేదు.

అడగలేదు, నిజమే. అడిగితే వద్దనేదానివి. వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణి, నీ మాట మీద నాకు అంత బలహీనత. అందుకే అడగలేదు.

మీ అమ్మకు నేనే చెప్పాను. గంటసేపు మాట్లాడింది. నేను ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు. నేను నోరు మెదపకపోయేసరికి భయపడి, ఒంట్లో బాగుందా అని అడిగింది.

తాత

*

మెట్ల కింద కొట్టు,
ఫిబ్రవరి 4

మిడతా,

నువ్వు రాయలేదు. నేను రాస్తున్నాను.

గుమాస్తా కొత్త బూట్లు కొన్నాడు. అవీ లోపలికే అరుగుతున్నాయి. టోపీ ఆయన రోజూ వస్తున్నాడు. మొన్న ఎవరో పిల్లవాడి బూటు తెచ్చి "ఇది చూసి చెప్పు పెద్దాయనా" అన్నాడు. "ముందు నీ చెప్పు తెంపుకుని రా, అప్పుడు కొట్టుకు రావడానికి సాకుంటుంది" అన్నాను.

కట్టు తడవనీకు.

తాత

*

మూడో గది,
ఫిబ్రవరి 22

తాతా,

కట్టు తీశారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో పెట్టినట్టు ఉంది. పొడుగు చూసి "దీన్ని ఎక్కడ కొన్నావు?" అంది.

నీ మీద కోపం జనవరి అంతా ఉంది. ఫిబ్రవరిలో సగం వరకు ఉంది. తర్వాత ఉందనుకుని కూర్చున్నాను, చూస్తే లేదు. ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. అది నీ దగ్గర నుంచి వచ్చిన జబ్బే.

ఫిజియో అక్క నాకు ఎక్స్‌రే చూపించింది. తల వెంట్రుకంత గీత. ఇంకో రెండు ఆటలు ఆడి ఉంటే ఎముక రెండు ముక్కలై, మేకు దించాల్సి వచ్చేదట. అప్పుడు మార్చి కాదు, అసలు ఆటే ఉండేది కాదంది. నీ అట్ట ఆవిడ బల్ల మీదే ఉంది. వచ్చిన ప్రతి డాక్టరుకూ చూపిస్తుంది. "ఇది చేసినాయన గొప్ప పనివాడు, గొప్ప మూర్ఖుడు" అంది. రెండూ నిజమేనక్కా అన్నాను. నీ ఉత్తరం కూడా దాచుకుంది.

మేడమ్ నన్ను పిలిచింది. "దాచినందుకు కోపంగా ఉంది, చెప్పినాయన మీద గౌరవంగా ఉంది" అంది, అంతే. జాబితా మార్చి పదిహేనున. జనవరి ఆటలు నేను ఆడలేదు. డిసెంబరు దాకా ఆడింది చాలుతుందో లేదో తెలియదు. పొడుగు చాలుతుందంటుంది. తనకు నేను వెళ్ళిపోతే కిటికీ మొత్తం తనదే అవుతుంది, అయినా అలాగే అంటుంది.

ఇక నుంచి "మీరు" లేదు, మళ్ళీ "నువ్వే".

మిడత

*

అమ్మ గది, నర్సుల క్వార్టర్లు,
మార్చి 16

తాతా,

నిన్న సామాన్ల మామ బూట్లు ఇచ్చాడు. లేసులు బిగించి, నాలుక లోపలికి మడిచి ఇస్తాడు, ఎవరికీ కనపడకుండా. మొహంలో ఏమీ చూపించడు, ఎన్నేళ్ళు చేశాడో ఈ పని. పొడుగు వెంటనే స్నానాల గదిలోకి వెళ్ళి చూసుకుంది. తన అంకె ఇరవై రెండు నుంచి ఒకటి అయింది. పెద్ద జట్టు కీపర్ల వరసలోకి. నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత నా బూట్ల వైపు చూసింది.

నేను విప్పలేదు.

పది రోజులు సెలవులు. బస్సులో బూట్లు ఒళ్ళో పెట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మ అడగలేదు. రెండుసార్లు లేసు మీద చెయ్యి వేశాను. చెయ్యి నా మాట వినలేదు.

ఆఫీసు కాగితం ఎలాగూ నీ అడ్రసుకే వస్తుంది, ఇంకో వారానికి. దానికన్నా ముందు నువ్వు చూడు. బూట్లు పంపుతున్నాను, విప్పకుండా, ఇచ్చినవి ఇచ్చినట్టే. ఉత్తరం ఎడమదాని పక్కన కట్టాను, లోపల పెట్టాలంటే విప్పాలి కదా.

ఏది ఉంటే అది రాయి. తియ్యగా రాయకు. నీకు రాదు కూడా.

మిడత

*

మెట్ల కింద కొట్టు,
మార్చి 20

మిడతా,

అంకె లేదు. పంతొమ్మిది చెరిపేశారు, కొత్తది వెయ్యలేదు. రెండు బూట్లలోనూ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు.

ముందు ఇది చెప్పేసి మిగతాది రాద్దామని పైనే రాశాను. ఇప్పుడు కాసేపు ఆగు. మీ అమ్మ దగ్గర కూర్చో. తర్వాత చదువు.

కూర్చున్నావా?

నీ జనవరి పోవడానికి ఒక సగం నీ కాలు, ఒక సగం నా అట్ట. అక్టోబరులోనే చెప్పి ఉంటే జనవరికి కాలు సిద్ధమయ్యేది. ఆ పద్దు నాది. ఇది మళ్ళీ రాయను, ఒకసారి రాసింది చాలు.

ఇక పని సంగతి. మీ సామాన్ల మామకి ఒక మాట చెప్పు. థిన్నర్ పెట్టి రుద్దితే తోలు పాడవుతుంది. నాలుక ఎండిన ఆకులా పెళుసెక్కింది. వేలు పెడితే పొడి రాలింది. అంకె చెరపొచ్చు గానీ బూటును చంపకూడదు. వెనిగర్ నీళ్ళలో గుడ్డ ముంచి మెల్లగా తుడిస్తే మూడుసార్లలో పోతుంది. ఇన్నేళ్ళ నుంచి ఎంతమంది పిల్లల బూట్లు పాడు చేశాడో.

ఆ నాలుకలు కోసేశాను. కొత్త తోలు వేశాను, మెత్తటిది, నీ కుడి కాలు సన్నబడిందన్నావు కదా, కుడిదానికి లోపల ఒక పొర ఎక్కువ. అట్ట ఏమీ పెట్టలేదు. వట్టి అడుగు. నేల నీకు తగలాలి. నొప్పి వస్తే తెలియాలి, తెలిసిన రోజే చెప్పాలి.

మీ ఫిజియో అక్క నాకు ఉత్తరం రాసింది, ఆఫీసు కవరులో. ఏప్రిల్ ఒకటి నుంచి నువ్వు పరిగెత్తొచ్చట. పాతసామాన్ల సంత ఏప్రిల్ ఇరవై ఆరున. నువ్వు వెళ్తావో లేదో నాకు రాయలేదు, నాకు అక్కర్లేదు కూడా. వెళ్తావు. పాతసామాన్ల మీద నాకు గౌరవం ఉంది. యాభై రెండేళ్ళు వాటి మీదే బతికాను. కొత్త బూటు ఎవడైనా అమ్ముతాడు. ఒకసారి తెగి, కుట్టు పడి, మళ్ళీ మైదానంలోకి దిగేదాన్ని చూసి ఎంచడానికి కన్ను కావాలి. టోపీ ఆయన చెప్పాడు, ఆ రోజు ఆరు క్లబ్బుల వాళ్ళు వస్తారట. వాళ్ళలో ఒకావిడ కుడి వైపు డిఫెండర్ కోసమే వెతుకుతోందట. నీ డిసెంబరు ఆట ఆవిడకి చెప్పాడట. చెప్పమని నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

కొట్టుకు ఆ రోజు సెలవని పలక రాయించాను, పోస్టు అమ్మాయి చేత, నా రాత వంకరని. ఆదివారం కాని రోజున నేను కొట్టు మూయడం గుమాస్తా నమ్మలేకపోతున్నాడు. రెండు బస్సులట, టోపీ ఆయన తోడొస్తానన్నాడు. దారంతా మాట్లాడతాడు, భరించాలి. నువ్వు ఆడుతుంటే నేను ఎప్పుడూ చూడలేదు, అడుగులే చూశాను. అరవను. చప్పట్లు కొట్టను. గీత దగ్గర కుర్చీ ఒకటి వేయించు, కాళ్ళు కనపడేంత దగ్గరగా.

ఉత్తరం ఈసారి కవరులో పంపుతున్నాను. బూట్లు పార్సిల్లో రావు, నేనే తెస్తాను. వేసుకునేటప్పుడు కొత్త నాలుక తిప్పి చూడకు. లోపల ఏమీ రాయలేదు. రాయడానికి చోటు మాత్రం వదిలాను.

తాత